వరండాలోంచి గీసిన బొమ్మ

దెయ్యాల కబుర్లు చెప్పేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. చిన్నప్పుడూ మండేది, యాభై దాటిన ఈ వయసులోనూ మండుతోంది. పాలకొల్లు దగ్గర మా ఊళ్లో, కాలవ గట్టు మీద తెల్లచీర కనిపించిందని ఎవరైనా అంటే నేను పనిగట్టుకుని వెళ్లి చూసేవాణ్ణి. అది ఎవరో ఆరేసుకున్న పంచె అని తేల్చుకుని వచ్చి, చెప్పినవాణ్ణి చెడామడా తిట్టేవాణ్ణి. ముప్పై ఏళ్లుగా పిల్లలకి డ్రాయింగు చెబుతున్నాను. కంటికి కనిపించింది గీయండి, లేనిది గీయకండి అని చెప్పుకుంటూ బతికాను.

అందుకే ఈ సంగతి ఇన్నాళ్లు ఎవరికీ చెప్పలేదు. చెబితే నన్ను కూడా ఆ తెల్లచీర వాళ్లలో కలిపేస్తారని భయం. ఇంకో కారణం కూడా ఉంది. అది ముందు ముందు మీకే తెలుస్తుంది.

జరిగింది రాజమండ్రిలో. గోదావరి మీద రైలు వంతెన ఇంకా కడుతున్న రోజులు. వంతెన పనికి ప్లాన్లు గీసేవాళ్లు కావాలి, ధవళేశ్వరం ఆనకట్ట ఆఫీసుకి కావాలి, స్కూళ్లకి డ్రాయింగు మేష్టర్లు కావాలి. ఎంత చెయ్యి తిరిగినవాడికైనా సరే, మద్రాసు వాళ్లు ఇచ్చే డ్రాయింగు డిప్లొమా లేకపోతే గుమ్మం దాటనిచ్చేవారు కాదు. అందుకని ఊళ్లో ఒక కాలేజీలో రెండేళ్ల డ్రాయింగు క్లాసు పెట్టారు. ఆ కాలేజీ ఇప్పుడు లేదు, పేరు రాయను. మా మేష్టారి పేరు కూడా రాయను. ఆయన పోయారు, మనవలున్నారు. వాళ్లు మంచివాళ్లు.

క్లాసులో మేము పన్నెండు మందిమి. గది చివర, వరండా వైపు కిటికీకి దగ్గరగా, ఒక ఎత్తు బల్ల మీద సీమ నుంచి ఓడలో వచ్చిన ప్లాస్టరు తలకాయ ఉండేది. ఉంగరాల జుట్టు, కోల ముఖం, మెడ దగ్గర ఆఖరు. ఎవరో గ్రీకు కుర్రవాడట. మేము సుద్దదొర అనేవాళ్లం. డిప్లొమా పరీక్షలో గీయాల్సింది అతన్నే కనుక రెండేళ్లూ అతన్నే గీశాం. చిన్నప్పుడే పోయిన మా నాన్న ముఖం నాకు సరిగ్గా గుర్తు లేదు గానీ, సుద్దదొర ముక్కు ఇప్పుడు గీయమన్నా గీస్తాను.

ఈ పనిలో ఒక పద్ధతి ఉంది. నేల మీద సుద్దముక్కతో అర్ధచంద్రాకారంగా గుర్తులు వేసి ఉండేవి. ఎవరి గుర్తు మీద వాళ్ల స్టూలు, రెండేళ్లు కదపకూడదు. చెయ్యి బారుగా చాపి, పెన్సిలు నిలబెట్టి, ఒక కన్ను మూసుకుని, బొటనవేలితో కొలత తీసుకోవాలి. కూర్చున్న చోటు జానెడు మారినా బొమ్మ మారిపోతుంది. అందుకని ఏ బొమ్మనైనా చూసి, గీసినవాడు ఎక్కడ కూర్చున్నాడో వేలు పెట్టి చూపించవచ్చు. నా గుర్తు సుద్దదొరకి సరిగ్గా ఎదురుగా ఉండేది. అతని ముఖం మొత్తం నాకే కనిపించేది.

సత్తెయ్యకి ఏ గుర్తూ లేకుండా పోయింది. ఆ సంగతే చెప్పాలి.

సత్తెయ్యది నర్సాపురానికి దిగువన, గోదావరి సముద్రంలో కలిసే దగ్గర ఒక పల్లె. వాళ్లు చేపలు పట్టేవాళ్లు. ధవళేశ్వరం లాకుల దగ్గర వాళ్ల పడవ ఆగినప్పుడు గోడ మీద బొగ్గుతో పడవల్ని గీస్తుంటే ఆనకట్ట దొర ఒకాయన చూశాడు. చూసి, మా కాలేజీకి ఉత్తరం రాసి చేర్పించాడు. డిప్లొమా తెచ్చుకుంటే ఇతనికి ప్లాన్లు గీసే ఉద్యోగం ఇవ్వాలని తన ఆఫీసు పుస్తకంలో కూడా రాయించాడు. సత్తెయ్య వాళ్ల ఇంట్లో నీళ్ల మీద కాకుండా నేల మీద బతకబోయే మొదటివాడు అతనే. ఇద్దరు అన్నల్ని సముద్రమే తీసుకుంది. వాళ్లమ్మ ఆ డిప్లొమా కోసం అన్నవరం కొండ మెట్లు మోకాళ్ల మీద ఎక్కుతానని మొక్కుకుందని అతనే ఒకసారి చెప్పాడు.

ఆరునెలలు కాకుండానే ఆ దొరకి బదిలీ అయింది. ఆయన వెళ్లిన వారంలోపే సత్తెయ్య స్టూలు వరండాలోకి వెళ్లిపోయింది. బట్టలు చేపల కంపు కొడుతున్నాయని పక్కవాళ్లెవరో అన్నారట. అబద్ధం. రోజూ గోదావరిలో మునిగి వచ్చేవాడు, మాలో సగం మంది కన్నా శుభ్రంగా ఉండేవాడు. నేను ఫిర్యాదు చెయ్యలేదు. అలా చెయ్యడం తప్పని కూడా అనలేదు.

వరండాలోంచి, కిటికీ ఊచల సందులోంచి అతనికి కనిపించేది సుద్దదొర వీపు వైపు. మెడ వెనక భాగం, జుట్టు, ఎడమ చెంప అంచు, ఎడమ చెవి. ఆ చెవి ఓడలోంచి దించేటప్పుడే విరిగింది. అది మాకు కనిపించకూడదనే మేష్టారు ఆ పక్కని కిటికీ వైపు తిప్పి పెట్టారు. అంటే ఏడాదిన్నర పాటు సత్తెయ్య గీసింది విరిగిన చెవినీ, మెడనీ. పరీక్షలో వచ్చే ఆ ముఖాన్ని మళ్లీ ఒక్కసారి కూడా గీయనివ్వలేదు. తలుచుకుంటే ఇప్పటికీ నా పళ్లు పటపటలాడతాయి.

పైగా అతనికి ఇంకో మొండితనం. కనిపించింది గీయమని మేష్టారు రోజుకి పదిసార్లు అనేవారు. కనుక సత్తెయ్య కిటికీ ఊచలు కూడా గీసేవాడు. బొమ్మకి అడ్డంగా రెండు నిలువు ఊచలు, తుప్పుతో సహా. ఒకరోజు మేష్టారు ఆ కాగితాన్ని అందరికీ ఎత్తి చూపించారు.

"ఒరేయ్, ఊచలెవడు గీయమన్నాడ్రా నిన్ను?"

"కనిపిస్తన్నాయి గదండీ" అన్నాడు సత్తెయ్య.

మేమంతా నవ్వాం. మేష్టారు కాగితాన్ని నాలుగు ముక్కలు చేశారు. మర్నాడు సత్తెయ్య మళ్లీ ఊచలు గీశాడు. ఆ బొమ్మల్లో పని ఎలాంటిదో మాకందరికీ తెలుసు. మేష్టారికి మా కన్నా బాగా తెలుసు. ఆయన కోపమంతా దాని మీదే.

ఇక నా సంగతి. నా చేతిరాత బావుండేది. పరీక్ష కట్టేవాళ్ల పేర్ల జాబితా మద్రాసు పంపాల్సి వచ్చినప్పుడు మేష్టారు నన్ను ఇంటికి పిలిచి రాయమన్నారు. ఒక్కో పేరూ ఆయన చెబుతుంటే నేను రాశాను. పదకొండు పేర్ల దగ్గర ఆగారు.

"సత్తెయ్య పేరండి?" అని అడిగాను. అంతవరకూ అడిగాను.

"వాడెందుకు? వరండాలో కూర్చున్నవాడికి పరీక్షేంటి? సంతకం చోటు వదిలి గీత కొట్టెయ్ అబ్బాయ్."

గీత కొట్టాను. ఆ గీత రూళ్లకర్ర పెట్టి తిన్నగా కొట్టాను. అలాంటివి ఎందుకో బాగా గుర్తుంటాయి.

మర్నాడు సత్తెయ్య కాలేజీ మెట్ల దగ్గర నా కోసం కాచుకుని ఉన్నాడు. "అబ్బాయిగారండీ, జాబితా మీరే రాసేరంట గదా. నా పేరు రాసేరాండి?" అన్నాడు.

"రాశాను" అన్నాను.

ఎందుకన్నానో అడక్కండి. ఆ క్షణాన అదే తేలిగ్గా ఉంది. నిజం చెప్పి ఉంటే ఇంకా పది రోజుల గడువుంది. ధవళేశ్వరం ఆఫీసుకి వెళ్లి మొత్తుకునేవాడు, ఎవరో ఒకరు ఉత్తరం రాసేవారు. నా ఒక్క మాట నమ్మి అతను గడువంతా హాయిగా బొమ్మలు గీసుకుంటూ కూర్చున్నాడు. మేష్టారిది దుర్మార్గం. దాన్ని దుర్మార్గమనే అంటాను. మరి నాదేమిటో మీరే చెప్పండి.

పరీక్షకి పదిహేను రోజుల ముందు హాలు టిక్కెట్లు వచ్చాయి. పదకొండే వచ్చాయి. గుమస్తా పేర్లన్నీ చదివేశాడు. సత్తెయ్య వరండాలోంచి కిటికీ దగ్గరికి వచ్చి రెండు ఊచలు పట్టుకుని విన్నాడు. తర్వాత నా వైపు చూశాడు. కాలేజీ వాళ్లిచ్చిన డ్రాయింగు బోర్డు కిటికీ కింద ఆనించి, మెట్లు దిగి వెళ్లిపోయాడు.

ఆ తర్వాత వారానికి సముద్రం మీద తుఫాను వచ్చింది. రాజమండ్రిలోనే తాటిచెట్లు విరిగాయి. నర్సాపురం నుంచి వచ్చిన మా క్లాసువాడొకడు చెప్పాడు, దిగువ పల్లెల నుంచి వేటకి వెళ్లిన పడవలు రెండు రాలేదట, ఒకదానిలో సత్తెయ్య ఉన్నాడట. మేష్టారు విని "అయ్యో పాపం" అన్నారు. ఆ మాట విన్నప్పుడు ఆయన గొంతు పట్టుకోవాలనిపించింది. పట్టుకోలేదు లెండి.

పరీక్ష రోజు పగలు పది గంటలకి మొదలు. ఎండ బాగా కాస్తోంది. ఇలాంటివి చెప్పేవాళ్లు చల్లగాలి వీచిందనీ, కుక్క ఏడ్చిందనీ అంటారు. నాకు గాలీ లేదు, కుక్కా లేదు. చెమట కాగితం మీద పడకుండా మోచేతి కింద గుడ్డ వేసుకున్నాను. మా మీద కాపలాకి సామర్లకోట వైపు నుంచి ఒక క్రైస్తవ మేష్టారు వచ్చారు. బాగా పెద్దాయన. మా మేష్టారిని గదిలోకి రానివ్వలేదు, నియమం అలాంటిది.

మూడు గంటలు గీశాను. ఏం గీస్తున్నానో నాకు బాగా తెలుసు. ముక్కుతో మొదలుపెట్టాను. కళ్లు గీసిన గుర్తుంది, పై పెదవి వంపు ఒకసారి చెరిపి మళ్లీ గీసిన గుర్తుంది. చెయ్యి ఎన్నడూ లేనంత తేలిగ్గా నడిచింది. ఆ మూడు గంటల్లో ఒక్కసారి కూడా సత్తెయ్య తలపుకి రాలేదు. వచ్చాడని చెబితే బావుంటుంది గానీ, రాలేదు.

పెద్దాయన నా వెనక ఆగడం తెలిసింది. చాలాసేపు ఆగారు. వంగి మెల్లగా అడిగారు.

"బాబూ, నువ్వు ఎక్కణ్ణించి చూసి గీస్తున్నావు?"

"ఇక్కణ్ణించేనండి" అని తల దించి కాగితం చూసుకున్నాను.

కాగితం మీద ముక్కు లేదు. కళ్లు లేవు, పెదవి లేదు. మెడ వెనక భాగం ఉంది. ఉంగరాల జుట్టు, ఎడమ చెంప అంచు, ఎడమ చెవి ఉన్నాయి. బొమ్మకి అడ్డంగా రెండు నిలువు ఊచలు, ఒకదాని మీద తుప్పు పెచ్చు లేచిన చోటుతో సహా. నేను కూర్చున్న చోటి నుంచి అందులో ఒక్క గీత కూడా అలా కనిపించదు. ఎదురుగా సుద్దదొర నా ముఖంలోకి చూస్తున్నాడు.

పెద్దాయన కిటికీ దగ్గరికి వెళ్లారు. ఊచల్లోంచి వరండాలోకి చూశారు. అక్కడ ఎవరూ లేరని నాకూ కనిపిస్తోంది. తర్వాత వెనక్కి తిరిగి సుద్దదొర చెవిని చూశారు. నా దగ్గరికి వచ్చి, "నువ్వు లేవలేదు. నేను చూస్తూనే ఉన్నాను" అన్నారు. అది నాకు చెప్పారో, ఆయనకి ఆయనే చెప్పుకున్నారో తెలియదు. జేబురుమాలు తీసి ముఖం తుడుచుకుని కాగితం మీద సంతకం పెట్టారు. ఈ సంగతికి ఆయన ఒక్కరే సాక్షి. ఆయన కూడా ఇప్పుడు లేరు.

ఒక్క తేడా మాత్రం ఉంది. నా కాగితం మీద ఆ చెవి విరిగి లేదు. నిండుగా, తమ్మెతో సహా ఉంది. దాన్ని పట్టుకుని నేను ఆ తర్వాత నెలల తరబడి నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. సత్తెయ్య ఉన్నది తప్ప గీయడు. విరిగిన చెవిని నిండుగా గీసేవాడు కాదు. కనుక అది అతని బొమ్మ కాదు, నా బుర్ర ఎండకి చెడింది అనుకున్నాను.

ఫలితాలు వచ్చాయి. నాకు ఫస్టు క్లాసు. ఎవరు ఎక్కడ కూర్చున్నారో మద్రాసు వాళ్లకేం తెలుస్తుంది? ఊచల్ని కొలతగీతలు అనుకున్నారేమో. మేష్టారు నా వీపు తట్టి, తన చేతి చలవ అన్నట్టు ఊరంతా చెప్పుకున్నారు.

డిప్లొమా చేతికొచ్చాక ఇక ఉండబట్టలేదు. ధవళేశ్వరంలో పడవెక్కి కాలవ మీద నర్సాపురం వెళ్లి, అక్కణ్ణించి సత్తెయ్య వాళ్ల పల్లెకి నడిచాను. వాళ్లమ్మని పలకరించాలనుకున్నాను. దాచడం దేనికి, అతను పోయాడని ఆవిడ నోట వినాలనుకున్నాను. పోయినవాడు వచ్చి గీశాడంటే భయమైనా వేస్తుంది గానీ, లెక్క సరిపోతుంది. అప్పుడు నేను గోదావరిలో పిండం పెట్టించి, కళ్లు తుడుచుకుని ఇంటికి పోవచ్చు.

సత్తెయ్య ఇసకలో కూర్చుని వల అల్లుతున్నాడు.

తుఫానుకి పడవ దక్షిణంగా కొట్టుకుపోయి ఒడ్డున పడిందట. నాలుగు రోజులు నడిచి ఇల్లు చేరాడట. నన్ను చూసి లేచి నిలబడ్డాడు, అలవాటు చొప్పున. "ఏంటండి అబ్బాయిగారు, ఇంత దూరం వచ్చేరు?" అన్నాడు.

నేను ఏమీ చెప్పకముందే, పరీక్ష ఎలా అయిందని అడిగి, తనే చెప్పుకొచ్చాడు. "నేనూ రాసేనండి. రోజులు లెక్కెట్టుకుంటానే ఉన్నానుగా. ఆ రోజు పొద్దెక్కేక ఆ తడి ఇసకలో కూకుని కర్రముక్కతో సుద్దదొరని గీసేను. నాకు తెలిసిన వైపే గీసేననుకోండి. ఊచలు కూడా ఏసేను. ఒక్కటి మాత్రం మార్చేనండి. ఏడాదిన్నర ఆ ఇరిగిన చెవి సూసి సూసి ఇసుగెత్తిపోయింది. చెవి అతికించేసేను." కొంచెం నవ్వాడు. "మజ్జాన్నానికి కెరటం వచ్చి తుడిచేసిందండి."

అప్పుడు నేను మొత్తం చెప్పాను. జాబితా, గీత, కాగితం, చెవి, అన్నీ. మధ్యలో ఆపకుండా విన్నాడు. తర్వాత వేళ్లు పంచెకి తుడుచుకుని డిప్లొమా అడిగి తీసుకున్నాడు. ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుని నా పేరు పైకి చదివాడు. మళ్లీ జాగ్రత్తగా చుట్టి నాకిచ్చేశాడు.

"నేను చచ్చిపోయేననుకున్నారు గదండీ?"

"అవును."

"చచ్చిపోయుంటే మీకు సుఖంగా ఉండేదండి."

ఏదో ఒకటి అనాలి కదా అని, మద్రాసుకి ఉత్తరం రాస్తాను, జరిగిందంతా రాస్తాను, నీ చేత మళ్లీ పరీక్ష కట్టిస్తాను అన్నాను.

"ఆయ్" అన్నాడు సత్తెయ్య. వల మళ్లీ ఒళ్లోకి లాక్కున్నాడు. "అప్పుడు రాసేనన్నారు. ఇప్పుడు రాస్తానంటన్నారు."

ఆ ఉత్తరం రాయలేదు. రాస్తే డిప్లొమా పోతుంది. అది చూపించే స్కూల్లో ఉద్యోగం తెచ్చుకున్నాను, దాంతోనే ఇల్లు నిలబెట్టాను. ఆనకట్ట ఆఫీసులో ఆ చోటు వేరే ఎవరికో పోయింది. సత్తెయ్య పల్లెకి మళ్లీ వెళ్లలేదు. ఇప్పుడున్నాడో లేడో కూడా తెలియదు.

రాజమండ్రి ఒడ్డున నా చెయ్యి, గోదావరి చివర అతని కర్రముక్క. ఒకే పొద్దున ఒకే చెవిని ఎలా గీశాయో ముప్పై ఏళ్లుగా ఆలోచిస్తున్నాను, నాకు అంతుపట్టలేదు. బతికున్నవాడు దెయ్యం ఎలా అవుతాడు? అది తేల్చగలవాళ్లుంటే తేల్చండి, నేను మాత్రం చేతులెత్తేశాను.

కానీ ఆ జాబితా సంగతిలో అంతుపట్టనిది ఏమీ లేదు. పదకొండు పేర్లు రాసి, కింద తిన్నగా గీత కొట్టింది నేనే. ఆ గీత కింద పన్నెండో పేరు ఇప్పుడు రాస్తున్నాను.

సత్తెయ్య.